పల్లకీ మోసేవాళ్ళలో చేరు

అమ్మలూ,

గ్లాస్గోలో చార్లెస్ రెనీ మాకింటాష్ సొసైటీలో సభ్యురాలిగా చేరదామనుకుంటున్నావని మీ నాన్న చెప్పాడు. చెప్పి ఊరుకోలేదు. "పరాయి దేశంలో ఉద్యోగం చేసుకుంటూ, ఎప్పుడో పోయిన ఆర్కిటెక్టు పేరు నిలబెట్టే పని దీనికెందుకన్నయ్యా? నువ్వు చెబితే వింటుంది, ఓ మాట చెప్పు" అన్నాడు. చెబుతున్నాను. వాడు చెప్పమన్న మాట మాత్రం కాదు. చేరు, నిక్షేపంలా చేరు. కాకపోతే చేరేముందు ఈ పెదనాన్న మాట కాస్త చెవిని వేసుకో. ఉద్యోగం చేసినన్నాళ్ళూ కొత్త కట్టడాలకంటే పాత కట్టడాల మరమ్మతులే ఎక్కువ చూసినవాణ్ణి. నాకు తెలిసిందల్లా ఆ పక్కనుంచి తెలిసిందే.

ముందు నీ సందేహం. "ఆయన మనవాడు కాదు కదా, నేను వెళ్ళి కూర్చుంటే వాళ్ళేమనుకుంటారో" అన్నావట. గోదావరి నీళ్ళు తాగి పెరిగినదానివి, నీకీ సందేహం రావచ్చా? మే 15 వచ్చిందంటే మనవైపు కాటన్ దొర విగ్రహాలకి దండలు పడతాయి. ఆయన ఏ ఊరివాడని ఎవరైనా అడుగుతారా? ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852కి పూర్తయింది. ఆ నీళ్ళతో పండిన అన్నం తిన్నవాళ్ళందరికీ ఆయన మనవాడే. నువ్వు అక్కడ అద్దె కడుతున్నావు, పన్ను కడుతున్నావు, వానొస్తే ఆ ఊరి చూరుల కిందే తల దాచుకుంటున్నావు. ఆ ఊరి కట్టడాల మంచిచెడ్డల్లో నీకూ మాట ఉంది.

అయితే నేను అసలు చెప్పదలుచుకున్నది కూడా ఆ కాటన్ సంగతిలోనే ఉంది. దండలు వేసేవాళ్ళు ఏడాదికి ఒక పూట వస్తారు. వేసవిలో కాలవలు కట్టేశాక మొలలోతు బురదలో దిగి పూడిక తీసినవాళ్ళు, షట్టర్లకి గ్రీజు పట్టించినవాళ్ళు, వరద రోజుల్లో లాకుల దగ్గర రాత్రంతా కళ్ళలో వత్తులు వేసుకుని కూర్చున్న లస్కర్లు, వీళ్ళ పుణ్యాన ఆ ఆనకట్ట కొత్త బ్యారేజీ వచ్చేదాకా, అంటే నూరేళ్ళు దాటి, నిలబడింది. వాళ్ళ పేర్లు ఏ శిలాఫలకం మీదా లేవు. ఒక మనిషి పేరు మీద పెట్టిన ఏ సంఘంలోనైనా ఈ రెండు రకాలవాళ్ళూ ఉంటారు. అందరూ పల్లకీ ఎక్కేవాళ్ళే అయితే మోసేవాళ్ళెవరని పెద్దలు ఊరికే అనలేదు. నువ్వు మోసేవాళ్ళ వైపు చేరు. నా హితవు ఇంతే. తక్కినదంతా ఎందుకన్నదానికి వివరం.

మాకింటాష్ కథ నీకు నాకంటే బాగా తెలుసు. అయినా నేను చెప్పుకునే తీరులో ఒకసారి విను. 1868లో గ్లాస్గోలో పోలీసు ఉద్యోగి ఇంట పుట్టాడు. పగలు ఆఫీసులో డ్రాయింగు బల్ల, సాయంత్రం ఆర్ట్ స్కూలు తరగతులు. హనీమన్ అండ్ కెప్పీ అనే సంస్థలో ఉద్యోగం. గ్లాస్గో స్కూల్ ఆఫ్ ఆర్ట్ భవనం మొదటి సగం 1899లో తయారయ్యేనాటికి ఆయన ఆ సంస్థలో భాగస్వామి కూడా కాదు, జీతగాడు. 1900లో వియన్నా కళాకారులు పిలిచి, తమ ప్రదర్శనలో ఒక గది అప్పగించి నెత్తిన పెట్టుకున్నారు. సొంత ఊళ్ళో మాత్రం ఆర్ట్ స్కూలు రెండో సగం 1909లో పూర్తయ్యాక చెప్పుకోదగ్గ పని రాలేదు. ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు, ఈయన రచ్చ గెలిచి ఇంట ఓడాడు. 1914లో ఊరు విడిచి ఇంగ్లండు తూర్పు తీరాన వాల్బర్స్‌విక్ అనే పల్లెలో పూల బొమ్మలు వేసుకుంటుంటే, యుద్ధం రోజులు కదా, వియన్నా నుంచి వచ్చిన ఉత్తరాలు చూసి గూఢచారి అనుకున్నారు. ఆఖరి రోజుల్లో ఫ్రాన్సు దక్షిణాన పోర్ట్ వాండ్ర్‌లో నీటిరంగుల చిత్రాలు వేస్తూ కొన్నేళ్ళున్నాడు. 1928లో లండన్‌లో క్యాన్సర్‌తో పోయాడు. భార్య మార్గరెట్ 1933లో పోయాక ఆ ఇంట్లో మిగిలిన కుర్చీలూ బొమ్మలూ సామానూ లెక్కగడితే తేలింది 88 పౌన్లు.

ఈ 88 పౌన్ల సంగతి చెప్పినప్పుడల్లా వినేవాళ్ళ గొంతు పూడుకుంటుంది. పోయిన వేసవిలో మీ ఊరొచ్చినప్పుడు నాకూ అలాగే అయింది. ఎవరూ గుర్తించని మేధావి కథంటే అందరికీ ఇష్టమే. కానీ జాలి గుమ్మందాకా తీసుకెళ్తుంది గాని లోపలికెళ్ళాక దానితో పని జరగదు. జాలితో చేరినవాళ్ళు రెండు ఉపన్యాసాలు విని, ఒక గులాబీ గుర్తు కప్పు కొనుక్కుని, మూడో ఏడు చందా కట్టడం మానేస్తారు. ఎక్కడైనా అంతే.

నాకు ఆయన బతుకుకంటే ఆయన పోయాక కట్టడాలకేం జరిగిందన్నదే ఎక్కువ పట్టింపు. ఆయనా మార్గరెట్టూ కాపురమున్న సౌత్‌పార్క్ అవెన్యూ ఇంటిని 1963లో పడగొట్టారు. అదృష్టం కొద్దీ లోపలి తలుపులూ పొయ్యిగూళ్ళూ సామానూ ముందే విప్పి దాచారు కాబట్టి, 1981 నాటికి విశ్వవిద్యాలయం వాళ్ళ హంటేరియన్ ఆర్ట్ గ్యాలరీలో ఆ గదుల్ని మళ్ళీ నిలబెట్టారు. టీ గదులు నడిపిన మిస్ క్రాన్‌స్టన్ కోసం ఆయన చేసిన ఇంగ్రామ్ స్ట్రీట్ టీ గదుల్ని 1971లో విప్పేశారు. అందులో ఓక్ రూమ్ చెక్కలు అలా ముక్కలుముక్కలుగా గోదాముల్లో దాదాపు యాభై ఏళ్ళు పడున్నాయి. 2018లో డండీలో కొత్త మ్యూజియం తెరిచినప్పుడు ఆ గది మళ్ళీ గదైంది. చూడు, ఓ చెక్క ఇంకో చెక్కకి ఏ పక్కన తగులుతుందో తెలియకపోతే అది గది కాదు, పొయ్యిలోకి కట్టెలు. విప్పినవాడు ఏ ముక్క ఎక్కడిదో గుర్తుపెట్టాడా లేదా అన్నదాని మీద యాభై ఏళ్ళ తరవాతి ముచ్చట ఆధారపడింది. అలాంటి పని నీకు అచ్చొచ్చిన పని. రోజూ ఆఫీసులో చేసేది డేటా సర్దడమేగా? ఏ సంఘం బీరువాలో చూసినా పేరు రాయని ఫొటోలూ తేదీ లేని డ్రాయింగులూ గుట్టలుగా ఉంటాయి. వెళ్ళగానే ఆ బీరువా ఎక్కడుందో అడుగు.

సొసైటీ పుట్టింది 1973లో. ఆ రోజులు గుర్తుచేసుకుంటే ఎందుకు పుట్టిందో తెలుస్తుంది. ఊరి మధ్యనుంచి మోటారు రహదారి వేస్తున్నారు, పేటలకి పేటలు నేలమట్టం చేస్తున్నారు. ఆయన పుట్టిన పార్సన్ స్ట్రీట్‌లోనే ఆయన గీసిన మార్టర్స్ స్కూలుంది. చుట్టుపక్కల వీధులు పోయాయి, రహదారి పక్కన అది ఒక్కటే మిగిలింది. అలా మిగలడం దానంతటదే జరగలేదు. కొందరు పూనుకుని, ఫలానా కట్టడం ఫలానా మనిషిది, దాన్ని ముట్టుకోవద్దని పదేపదే అడిగితే జరిగింది. అడగడమంటే కేకలు వెయ్యడం కాదు. దరఖాస్తు చదవడం, ప్లాను మీద ఏ గోడ పోతోందో చూడడం, గడువులోపల కాగితం పెట్టడం. అక్కడ ప్లానింగ్ దరఖాస్తు మీద ఎవరైనా అభ్యంతరం రాయవచ్చు. ఆ ప్లాన్లు చదవడం నేర్చుకో. రాకపోతే ఫొటో తీసి నాకు పంపు, పెదనాన్న ఇంకా పనికొస్తాడు.

క్వీన్స్ క్రాస్ చర్చి సంగతి మరీ బాగుంటుంది. ఆయన డిజైనుతో కట్టిన చర్చి అదొక్కటే. 1897 నుంచి 1899 దాకా కట్టారు. జనం తగ్గి ప్రార్థనలు ఆగిపోయే స్థితి వస్తే 1977లో సొసైటీ లీజుకి తీసుకుంది, 1999లో కొనేసింది. మనిద్దరం వెళ్ళిన రోజు నువ్వు నీలిరంగు అద్దంలో హృదయం ఆకారాన్ని ఫొటోలు తీస్తుంటే, నేను తలెత్తి పైకప్పు చూస్తూ నిలబడ్డాను. గుర్తుందా? బోర్లించిన పడవలా చెక్క కప్పు. దాని కింద ఈ గోడనుంచి ఆ గోడకి ఉక్కు దూలాలు. ఆ దూలాలకి చెక్క తొడుగు వెయ్యలేదు, రంగు బొమ్మలూ లేవు, రివెట్లు రివెట్లుగానే కనిపిస్తున్నాయి. ఓడలు కట్టే ఊరివాడు, ఇనుముని చూసి సిగ్గుపడలేదు. నాకు ఆయన మీద మనసైంది ఆ రివెట్ల దగ్గరే. కుర్చీల దగ్గర కాదు, చెబుతాను ఆ సంగతి కూడా.

ఆ చర్చిని కాపాడిన లెక్కలు ఆలోచించు. లీజు కడితే సరిపోదు. పైకప్పు పెంకు జారితే ఎక్కాలి, నీటి కాలవలో ఆకులు పేరుకుంటే తియ్యాలి, చలికాలంలో వేడి పెట్టాలి, వచ్చినవాళ్ళకి తలుపు తియ్యాలి, సాయంత్రం తాళం వెయ్యాలి. ఆ తలుపు తీసేవాళ్ళలో చాలామంది జీతంలేని వాలంటీర్లు. అదే నిన్ను చెయ్యమంటున్నాను. నెలకో శనివారం తలుపు దగ్గర కూర్చో. వచ్చినవాళ్ళకి నీకు తెలిసింది చెప్పు, తెలియనిది అడిగితే పెద్దవాళ్ళ దగ్గరికి పంపు. ఉపన్యాసాలకంటే అక్కడ కూర్చుంటే ఎక్కువ నేర్చుకుంటావు.

ఇప్పుడు హిల్ హౌస్. దీని గురించి కాస్త ఎక్కువ చెబుతాను, ఎంచేతంటే నేను నీకు చెప్పగలిగిన విషయం ఏదైనా ఉంటే ఇక్కడే ఉంది. హెలెన్స్‌బరోలో గుట్టమీద, పుస్తకాల ప్రచురణకర్త వాల్టర్ బ్లాకీ కోసం 1902 నుంచి 1904 దాకా కట్టిన ఇల్లు. ఇల్లు కట్టి చూడు అన్న సామెత బ్లాకీ కుటుంబానికి తెలిసుంటే బాగుండేది. స్కాట్లండు పాత ఇళ్ళకి గోడలమీద సున్నంతో గరుకు పూత వేసేవాళ్ళు. మాకింటాష్ కొత్తగా వచ్చిన పోర్ట్‌లండ్ సిమెంటు వాడాడు. ఆకారం పదునుగా, అంచులు గీసినట్టు ఉండాలని గోడ తలల మీద నీళ్ళు జారగొట్టే రాతి పలకలు కూడా మానేశాడు. కాగితం మీద ఎంత అందమో. ఆ ఊళ్ళో వాన సంగతి నీకు వేరే చెప్పాలా? సిమెంటు పూతకి సన్న పగుళ్ళొచ్చాయి, వెంట్రుక దూరేంత. ఆ పగుళ్ళలోంచి నీళ్ళు లోపలికెళ్ళాయి. వెళ్ళినవి బయటికి రావు. సున్నమైతే తాగిన నీళ్ళు ఎండకీ గాలికీ కక్కేస్తుంది, సిమెంటు కక్కదు. నూరేళ్ళపాటు ఆ గోడలు తాగుతూనే ఉన్నాయి.

మన దగ్గర ఈ జబ్బు నేను ఎన్ని చోట్ల చూశానో. గానుగ సున్నంతో కట్టిన మండపాలు, పాత బంగళాలు నిక్షేపంలా ఉంటాయి. ఎవరో పుణ్యాత్ముడు విరాళమిచ్చి, "పాతబడిపోయింది, గట్టిగా సిమెంటు ప్లాస్టరింగు చేయించండి" అంటాడు. నాలుగేళ్ళకి గోడ చవుడు పట్టి పొరలుపొరలుగా రాలుతుంది. అతను ఇచ్చింది భక్తితోనే. ఆ భక్తే గోడని తినేసింది. అందుకే నేను భక్తులంటే భయపడతాను.

హిల్ హౌస్ 1982 నుంచి నేషనల్ ట్రస్ట్ ఫర్ స్కాట్లండ్ చేతిలో ఉంది. వాళ్ళు 2019లో ఏం చేశారో చూశాం కదా. ఇంటి మొత్తానికీ ఓ పెద్ద చట్రం కట్టి, పైన కప్పేసి, చుట్టూ ఉక్కు కడియాలతో అల్లిన జాలీ దించారు. కార్మొడీ గ్రోర్క్ అనే సంస్థ చేసిన డిజైను. కడియాలు మూడు కోట్ల పైచిలుకు. గాలి దూరుతుంది, వాన చాలా మటుకు బయటే ఆగిపోతుంది, గోడలు మెల్లిగా ఆరుతున్నాయి. ఇంటిచుట్టూ పైదాకా మెట్లూ నడవలూ కట్టారు కాబట్టి చూరు మీదకి కళ్ళు దించి చూడగలిగాం. నువ్వు సముద్రం చూశావు. నేను పొగగూడు మొదట్లో కప్పూ గోడా కలిసే చోట పాత అతుకులు చూశాను. పైపూత మీద పైపూత, దానిమీద ఇంకోటి. ప్రతి తరంలో ఎవరో ఒకరు నీటిని ఆపాలని పాపం చేసిన ప్రయత్నం అది.

ఇక్కడే అసలు తగువు మొదలవుతుంది. ఇల్లు ఆరాక మళ్ళీ ఏం పుయ్యాలి? సిమెంటే పూస్తే ఆయన గీసినదానికి న్యాయం, ఇంటికి అన్యాయం. సున్నం పూస్తే ఇల్లు బతుకుతుంది, ఆ గీసినట్టున్న అంచు పోతుంది. ఇలాంటి ప్రశ్న మీ సమావేశాల్లో వచ్చినప్పుడు "ఆయన గీసిన గీత ఒక్కటీ మారడానికి వీల్లేదు" అనేవాళ్ళు గట్టిగా మాట్లాడతారు. వాళ్ళ మాట వినడానికి ఎప్పుడూ బాగుంటుంది. నేనైతే ఇంటి వైపు ఉంటాను. ఎంత గొప్పవాడైనా ఆయన ఆ ఇంటి నీటి లెక్క తప్పాడు. ఆ మాట ఆయన పేరుమీద పెట్టిన సంఘంలోనే ధైర్యంగా అనగలగాలి. అనగలిగితేనే అది సంఘం, లేకపోతే భజన మండలి.

ఆర్ట్ స్కూలు దగ్గరికి వెళ్ళినప్పుడు మనం ఎక్కువసేపు ఉండలేకపోయాం. పరంజా తప్ప చూడడానికేముంది? 2014 మే 23న నేలమాళిగలో ఒక విద్యార్థి ప్రదర్శన సిద్ధం చేసుకుంటుంటే, నురగ డబ్బా నుంచి వచ్చిన మండే వాయువుకి వేడెక్కిన ప్రొజెక్టరు తగిలి మంట లేచింది. భవనంతోపాటే కట్టిన పాత గాలిగొట్టాలు ఆ మంటని పై అంతస్తులకి మోసుకెళ్ళాయి. మంటల్ని ఆర్పే నీటితుంపర ఏర్పాటు అప్పటికింకా పనిలోకి రాలేదు. లైబ్రరీ బూడిదైంది. సరే, ఆనవాళ్ళూ పాత డ్రాయింగులూ పట్టుకుని, మళ్ళీ అదే తరహా చెక్క తెప్పించి, వడ్రంగులు ప్రాణం పెట్టి చేస్తూ వచ్చారు. ఇక నెలల్లో తెరుస్తారనగా 2018 జూన్ 15 రాత్రి మళ్ళీ అంటుకుంది. ఈసారి గోడలే మిగిలాయి. అగ్నిమాపక శాఖ మూడేళ్ళు పైగా శోధించి 2022లో ఇచ్చిన నివేదికలో కారణం తేల్చలేకపోయామని రాసింది. ఉన్నది ఉన్నట్టు తిరిగి కట్టాలన్నదే తమ ఉద్దేశమని స్కూలు 2021లో చెప్పింది. కట్టాలా వద్దా అన్నది మీ ఊళ్ళో ఇప్పటికీ ఇళ్ళల్లో వాదనేనని నువ్వే చెప్పావు.

నన్నడిగితే కట్టాలంటాను. కొలతలున్నాయి, డ్రాయింగులున్నాయి, మొదటిసారి చేసినప్పుడు చేయి తిరిగిన వడ్రంగులున్నారు. వాళ్ళు రిటైరైపోతే ఆ పనితనం కూడా పోతుంది. నకలు నకలేనని వాదించేవాళ్ళ మాటలోనూ పస లేకపోలేదు, వాళ్ళతో దెబ్బలాడకు. కానీ ఒకటి గమనించు. రెండు అగ్నిప్రమాదాల గురించీ లెక్కలేనన్ని శోకగీతాలు రాశారు. ఆ గాలిగొట్టాలకి అడ్డుపలకలు ఎప్పుడు పెట్టాలి, తుంపర ఏర్పాటు ఎప్పుడు పూర్తవుతుంది అని ముందే విసుగు పుట్టేలా అడిగేవాడు ఎంత విలువైనవాడో ఇప్పుడు తెలుస్తోంది. సమావేశంలో అలా విసిగించే మనిషి ఒకరుండాలి. అందరూ అతన్ని చూసి నిట్టూరుస్తారు. నీకు ఆ పాత్ర అబ్బుతుందనే నా నమ్మకం. చిన్నప్పుడు నువ్వు అడిగే ప్రశ్నలకి మీ నాయనమ్మ పూజ మధ్యలో లేచిపోయేది.

కుర్చీల సంగతి చెబుతానన్నాను. ఆ నిలువు వీపు కుర్చీలు చూడ్డానికి రాజఠీవి. కూర్చుంటే నా నడుముకి తెలిసింది వాటి సంగతి. విల్లో టీ రూమ్స్‌లో మనం తాగిన టీకంటే లేచి నిలబడ్డానికే ఎక్కువ సమయం పట్టింది. 1903లో మిస్ క్రాన్‌స్టన్ సోకీహాల్ స్ట్రీట్‌లో తెరిచిన చోటది. ఆవిడ లేకపోతే మాకింటాష్‌కి ఊళ్ళో అంత పని ఎవరిచ్చేవారు? మద్యం దుకాణాలు తప్ప కూర్చునే చోటు లేని ఊళ్ళో ఆడవాళ్ళు దర్జాగా వచ్చి టీ తాగే గదులు కావాలని పట్టుబట్టి, డబ్బు పెట్టి, చెంచాకి సైతం కొత్త పోకడ కోరుకున్న వ్యాపారి ఆవిడ. ఆ భవనాన్ని కోటి పౌన్లదాకా ఖర్చుపెట్టి బాగుచేసి 2018లో తెరిచారు. తీరా నడపడం భారమై 2024లో అదీ నేషనల్ ట్రస్ట్ చేతికే వచ్చింది. బాగుచెయ్యడానికి డబ్బిచ్చేవాళ్ళు దొరుకుతారు, అక్కడ పలక మీద పేరుంటుంది. రోజువారీ కరెంటు బిల్లుకి ఇచ్చేవాడు దొరకడు.

మార్గరెట్ మాట మర్చిపోవద్దు. మార్గరెట్ మెక్‌డొనాల్డ్ అప్పటికే పేరున్న కళాకారిణి. 1900లో పెళ్ళి. ఆ టీ గదుల్లో, ఇళ్ళల్లో గోడలకి అమర్చిన గెస్సో (సుద్దా జిగురూ కలిపిన పూత) పలకలు ఆవిడవే. నా పనిలో సగం, ఆ మాటకొస్తే ముప్పాతిక వంతు నువ్వేనని ఆయనే ఆవిడకి ఉత్తరంలో రాసుకున్నాడు. సంఘం పేరులో ఒక్కరే ఉంటారు, అది ఎవరూ మార్చలేరు. తలుపు దగ్గర కూర్చున్న నువ్వు చెప్పే మాటల్లో మాత్రం ఇద్దరూ ఉండొచ్చు. 88 పౌన్ల సామాను అన్నాం కదా, ఆవిడ చేసిన ఒక్క పలక 2008 వేలంలో 17 లక్షల పౌన్లు పలికింది. ఈసారి ఆ అంకె చెప్పు వచ్చినవాళ్ళకి, వాళ్ళ ముఖాలు చూడు.

ఇక అక్కడి మనుషుల గురించి. ఇలాంటి సంఘాల్లో తల నెరిసినవాళ్ళే ఎక్కువుంటారు. అదే సంగతి ఏటేటా చెప్పుకుంటారు, కుర్చీలు ఎక్కడ వెయ్యాలన్నదాని మీద అలుగుతారు. ఓపిక పట్టు. ఆ ముసలాయన అదే కథ మూడోసారి చెబుతున్నాడని ఫోను తియ్యకు. 1970ల్లో ఏ భవనాన్ని ఎవరెలా ఆపారో ఆయన బుర్రలోనే ఉంటుంది, ఏ కాగితంలోనూ ఉండదు. వీలైతే అడిగి రికార్డు చేసుకో, తేదీ చెప్పించుకో. కొత్తగా వెళ్ళిన ఏడాది మాత్రం "ఇలా కాదు, అలా చెయ్యాలి" అనకు. నీ మాటలో ఎంత నిజమున్నా ముందు నాలుగు కప్పులు కడిగినవాళ్ళ మాట చెవికెక్కినట్టు ఎక్కదు.

ఇంకోటి, నీ ఉద్యోగం ముందు. శనివారం ఇస్తానన్నావా, శనివారమే ఇవ్వు, వారమంతా కాదు. ఉత్సాహంగా మొదటి ఆర్నెల్లు అన్నీ నెత్తినేసుకుని ఏడో నెల మాయమయ్యేవాళ్ళని ఏ సంఘమూ భరించలేదు. ఒకే పని తీసుకో, బీరువానో తలుపో నీటి కాలవో. వాన కురిసే రోజున గొడుగేసుకుని కట్టడం చుట్టూ ఓ ప్రదక్షిణం చెయ్యి. నీళ్ళు ఏ మూల గొట్టంలోంచి కాకుండా గోడమీంచి కారుతున్నాయో చూసి, ఫొటో తీసి, తేదీ వేసి, బాధ్యుల చేతిలో పెట్టు. మీ ఊళ్ళో వానరోజు కోసం ఎదురుచూడక్కర్లేదులే.

ఈ నేర్చుకున్నది వృథా పోదు. హైదరాబాదులో హైకోర్టు, కాచిగూడ స్టేషను, ఉస్మానియా ఆసుపత్రి భవనాల మీద విన్సెంట్ ఎష్ అనే ఆర్కిటెక్టు చెయ్యి ఉంది. రోజూ వేలమంది వాటి ముందునుంచి పోతారు. ఎష్ అంటే తల తిప్పి చూసేవాళ్ళు పదిమంది ఉండరు. ఎప్పటికైనా నువ్వు ఇటొస్తే సభ్యత్వ పుస్తకం ఎలా రాయాలో, గోడని చూసి జబ్బెలా పోల్చాలో తెలిసిన మనిషిగా వస్తావు. రాకపోయినా నష్టమేం లేదు, గ్లాస్గో కట్టడాలూ కట్టడాలే.

చందా కట్టేటప్పుడు చిన్న పని. అక్కడ ఆదాయపు పన్ను కడుతున్నావు కాబట్టి, పైన విరాళమేమైనా ఇస్తే గిఫ్ట్ ఎయిడ్ అని ఉన్నచోట టిక్కు పెట్టు. నీ జేబులోంచి పైసా అదనంగా పోకుండా పౌనుకి 25 పెన్నీలు వాళ్ళకి ప్రభుత్వం నుంచి వస్తాయి. వార్షిక సమావేశానికి వెళ్తే ముందు జమాఖర్చుల కాగితం అడుగు. మరమ్మతుల పద్దులో ఎంతుందో, అది పోయినేటికంటే పెరిగిందో తగ్గిందో నాకు ఫోన్లో చెప్పు. మీ నాన్న సంగతి నాకొదిలెయ్. ఆదివారం ఇక్కడికి భోజనానికి వస్తాడు, పప్పు వడ్డించాక మొదలుపెడతాను.

నీ
పెదనాన్న